రొమ్ము క్యాన్సర్‌లో తిండి, మందు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాను, లెక్కల టీచర్ని. మలక్‌పేటలో ఉంటాం. 46వ ఏట ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. కీమో, ఆపరేషన్, కరెంటు (రేడియేషన్) అన్నీ అయ్యాక ఇప్పుడు రోజూ రాత్రి టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర ఒకటి వేసుకుని బడికి పోయి వస్తున్నాను. చుట్టాల్లో, తెలిసినవాళ్ళలో ఎవరికి ఈ జబ్బు బయటపడినా నా నంబరు ఇస్తున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో గంటసేపు చెప్పే బదులు ఇక్కడ రాసి పెట్టాను. మీ డాక్టరు చెప్పిన మాటకీ నా మాటకీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి. మీ రిపోర్టులు నేను చూడలేదు.

అక్కా, ముందు ఏం తినాలో చెప్పు. మిగతావి తర్వాత అడుగుతా.

అందరూ ఇదే అడుగుతారు. నేనూ ఇదే అడిగాను. మందు డాక్టరు చేతిలో ఉంటుంది, తిండి మన చేతిలో ఉంటుంది, అందుకే మనసు అటే పోతుంది. కానీ నేను తిరిగి ఒక మాట అడుగుతాను: ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్-2 పక్కన ఏం రాశారు? చాలామంది "రెండో స్టేజీ అన్నారు" అని ఊరుకుంటారు. వైద్యం ఏ దారి పట్టాలో తేల్చడానికి స్టేజీతో పాటు ఆ మూడు లైన్లు కావాలి.

ఈఆర్, పీఆర్ పాజిటివ్ అంటే ఒంట్లోని ఆడ హార్మోన్ల ఆసరాతో గడ్డ పెరుగుతోందని. దానికి ఏళ్ళ తరబడి ఆ హార్మోన్లను అడ్డుకునే మాత్ర ఇస్తారు, దాన్నే హార్మోన్ మాత్ర అంటాం. హెర్-2 అంటే కణాన్ని పెరగమని తోసే ఒక ప్రొటీన్, అది పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్, మామూలుగా ఏడాదిపాటు. మధ్యమధ్యలో గుండెకు ఎకో తీస్తారు. మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్ అంటారు. దానికి ముఖ్యంగా కీమో, ఈ మధ్య కొందరికి ఒంటి రోగనిరోధక శక్తినే జబ్బు మీదికి లేపే ఇమ్యునోథెరపీ కూడా కలుపుతున్నారు. హెర్-2 పక్కన "2+" అని ఉంటే ఎటూ తేలలేదని, ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి. నాకు అదే వచ్చింది. ఫిష్ రాశారని చెబితే మా అత్తగారు "చేపలు తినమన్నారా అమ్మా?" అని అడిగారు. ఆ ఒక్క రిపోర్టు కోసం ఒక ల్యాబు నన్ను మూడుసార్లు తిప్పింది. మీరు శాంపిల్ ఇచ్చే రోజే ఎప్పుడు ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

ముక్క తీస్తే జబ్బు కదిలి ఒళ్ళంతా పాకుతుందట కదా?

పాకదు. సూదితో ముక్క తీయకుండా అది ఏ రకమో తెలియదు, రకం తెలియకుండా మందు లేదు. ఈ భయంతో నెలలు గడిపేసినవాళ్ళను చూశాను. ఆ నెలల్లోనే గడ్డ పెరిగింది.

రొమ్ము మొత్తం తీసేస్తేనే నయమా?

నేనూ మొదట్లో "తీసి పారేయండి" అన్నదాన్నే. తొలి దశలో గడ్డ వరకు తీసి కరెంటు పెట్టించుకున్నవాళ్ళూ, రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్ళూ ఒకేలా బతుకుతున్నారని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం, ఇటలీలో వెరోనేసి బృందం నడిపిన పరీక్షలు తేల్చాయి. 20 ఏళ్ళు వెంటబడి చూసిన ఫలితాలు 2002లో వచ్చాయి. అంటే ఎక్కువ కోస్తే ఎక్కువ ఆయుష్షు అన్న లెక్క ఇక్కడ కుదరదు. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి కుదించి, తర్వాత ఆపరేషన్ చేస్తారు. నాకు అలాగే చేశారు.

అయినా మొత్తం తీయించుకోవడానికి సరైన కారణాలు కొందరికి ఉంటాయి. గడ్డలు ఒకటికి మించి వేర్వేరు చోట్ల ఉండొచ్చు. బీఆర్‌సీఏ అనే, ఈ జబ్బు ముప్పును పెంచే జన్యువులో పుట్టుకతోనే మార్పు ఉండొచ్చు. ఏ అచ్చంపేట నుంచో వచ్చి మూడు నుంచి ఐదు వారాలు రోజూ కరెంటుకు తిరగడం, సిటీలో ఉండటానికి చోటు వెతుక్కోవడం కుదరకపోవచ్చు. కాకపోతే మొత్తం తీసినా కొందరికి కరెంటు తప్పదు, ఆ సంగతి ముందే అడగండి. అన్నట్టు, మనం "కరెంటు" అంటాం గానీ అందులో షాకు ఏమీ ఉండదు. బయటి నుంచి మిషన్‌తో పెట్టించుకుని ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు.

ఆపరేషన్ అయింది. వంకాయ, గోంగూర, పప్పు, గుడ్డు పెట్టొద్దంటున్నారు, చీము పడుతుందని. నిజమేనా?

ఈ ప్రశ్న దగ్గర నాకు కాస్త కోపం వస్తుంది. మా పెద్దమ్మ నాకు పదిహేను రోజులు చారన్నం, కారప్పొడి, కాకరకాయ మాత్రమే పెట్టింది. ప్రేమతోనే పెట్టింది. పథ్యం అన్న మాటకు మన ఇళ్ళల్లో తిరుగులేదు. కానీ కుట్టిన గాయం మానాలంటే ఒంటికి ప్రొటీన్ కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప తీసేస్తే ఇంక మిగిలేది బియ్యం, నీళ్ళు. వంకాయ వల్ల చీము పట్టదు. గాయంలో సూక్ష్మక్రిములు చేరితే, షుగర్ అదుపులో లేకపోతే చీము పడుతుంది. వంకాయ తింటే దురద వచ్చే అలర్జీ ముందునుంచే ఉంటే మానేయండి, అది వేరే సంగతి.

పెద్దవాళ్ళతో వాదించి గెలవలేం. నేను చేసిన పని చెబుతాను. తర్వాతి చెకప్‌కు మా పెద్దమ్మనే వెంట తీసుకెళ్ళి, ఆసుపత్రి డైటీషియన్ నోటితో "గుడ్డు పెట్టండమ్మా" అనిపించాను. ఆ రోజు సాయంత్రం ఆవిడే గుడ్డు పులుసు చేసింది.

ప్రొటీన్ ప్రొటీన్ అంటారు, ఎంత తినాలి? పౌడర్ డబ్బా కొనాలా?

లెక్కల టీచర్ని కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. క్యాన్సర్ వైద్యం నడిచేటప్పుడు ఒక గ్రాముకు పైనే, వీలైతే ఒకటిన్నర దాకా తినమంటారు. 60 కిలోల మనిషి 1.2 చొప్పున వేసుకుంటే 72 గ్రాములు.

రెండు గుడ్లు 12. గ్లాసు పాలు 6. పప్పులోకి పోసిన 40 గ్రాముల కందిపప్పు 9. రెండు చిన్న గిన్నెల పెరుగు 6. గుప్పెడు పల్లీలు 7. కూరలో 30 గ్రాముల మీల్‌మేకర్ 15, లేదా చికెన్, చేప మూడు నాలుగు ముక్కలు. రోజంతా తినే అన్నం, ఇడ్లీ, రొట్టెల్లో ఇంకో 14 దాకా వస్తుంది. కూడితే 69. ఒక పెసరట్టు వేసుకుంటే దాటిపోతుంది. ఇంత తినగలిగినవాళ్ళకు డబ్బా అక్కర్లేదు. తినలేక బరువు పడిపోతున్నవాళ్ళకు డాక్టరే రాస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఈ లెక్క పనికిరాదు, వాళ్ళ మోతాదు డాక్టరు చెప్పాలి.

చక్కెర మానేస్తే గడ్డ ఎండిపోతుందట?

ఎండదు. క్యాన్సర్ కణం గ్లూకోజు వాడుకుంటుంది, నిజమే. మెదడు, కండరాలు కూడా వాడుకుంటాయి. మీరు చక్కెర మానేసినా ఒళ్ళు అన్నంలోంచో, కండలోంచో గ్లూకోజు తయారుచేసుకుంటుంది, గడ్డను మాత్రమే పస్తు పెట్టడం కుదరదు. అన్నం, పళ్ళు కూడా మానేసి కీమో మధ్యలో నీరసపడి తర్వాతి సైకిల్ (విడత) వాయిదా వేయించుకున్న చెల్లెలొకామె నాకు తెలుసు. రోజూ కూల్‌డ్రింకులు, స్వీట్లు తినమని కాదు, బరువు పెరుగుతుంది. కాఫీలో చెంచా చక్కెర గురించి రాత్రిళ్ళు టెన్షన్ పడకండి.

షుగర్ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త. కీమోతో పాటు ఇచ్చే స్టిరాయిడ్ వల్ల ఆ రెండు మూడు రోజులు షుగర్ ఒక్కసారిగా పైకి పోతుంది. మందు మోతాదు మార్చాలేమో ముందే అడగాలి.

కీమో ఎక్కిన వారం నోట్లో ఏమీ పెట్టలేకపోతున్నా. ఏం చేశావక్కా?

వాంతుల మాత్ర వికారం మొదలయ్యాక కాదు, రాసిన టైముకు వేసుకోవాలి. నేను మొదటి సైకిల్‌లో "తగ్గింది కదా" అని ఆపేసి రెండు రోజులు బకెట్ పక్కన కూర్చున్నాను.

మూడు పూటలు కడుపు నిండా అన్న మాట మర్చిపోండి. రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు చాలు. నాకు పోపు వాసన పడలేదు, మా ఆయన వంటగది తలుపు మూసి వండేవాడు. వేడి అన్నం కంటే చల్లారిన పెరుగన్నం, పల్చటి రాగిజావ, సగ్గుబియ్యం జావ, మెత్తటి ఇడ్లీ లోపలికి పోయాయి. అల్లం ముక్క చప్పరిస్తే కొందరికి హాయి. నోట్లో ఇనుము రుచి వస్తుంది, స్టీలు చెంచా వాడొద్దని ఆసుపత్రి కాగితంలో ఉంది. చేత్తో తినే జాతికి ఆ ఇబ్బంది ఏముంది?

నోటిపూత వస్తే గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు వేసి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించండి. అప్పుడు పచ్చిమిర్చి, ఆవకాయ, నిమ్మకాయ దూరం పెట్టాలి. ఆవకాయ లేకుండా ఆంధ్రా అన్నం ఎలా దిగుతుందని మా చెల్లెలు అడిగింది. దిగదు, నెయ్యి వేసుకుంటే కొంచెం దిగుతుంది. కీమోలో ఎర్ర మందు (డాక్సోరుబిసిన్ లాంటిది) ఎక్కిన ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగు, కంగారు పడొద్దు.

బయట తినొచ్చా? పళ్ళు, పచ్చి కూరలు?

కీమో అయ్యాక మామూలుగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాల కౌంట్ బాగా పడిపోతుంది. అప్పుడు పానీపూరీ నీళ్ళు, చెరకు రసం, బండి మీద కోసి పెట్టిన పళ్ళు వద్దు. షవర్మాలో వేసే పచ్చి గుడ్డు మయోనైజ్ మామూలు మనుషులకే ప్రమాదమని 2024 అక్టోబరులో మన తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది, ఇంక మన సంగతి చెప్పాలా? తొక్క తీసి తినే పళ్ళు ఇంట్లో కడిగి, ఇంట్లో కోసుకుని తినండి. గుడ్డు, మాంసం పూర్తిగా ఉడకాలి. నీళ్ళు కాచి చల్లార్చినవి. రాత్రి మిగిలిన అన్నం గది వేడిలో ఉంచి పొద్దున తినే అలవాటు కొన్నాళ్ళు ఆపండి.

ఇంట్లో ఒక థర్మామీటర్ ఉండాలి. 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాలి. డోలో వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, జ్వరం తగ్గినట్టు కనపడుతుంది గానీ ఇన్ఫెక్షన్ లోపల ముదిరిపోతుంది. ఈ మొత్తం పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

పసుపు, తిప్పతీగ, లక్ష్మణ ఫలం, గోధుమగడ్డి రసం తీసుకోవచ్చా? అన్నీ సహజమైనవే కదా.

ఉమ్మెత్త కూడా సహజమే. కూరలో వేసే పసుపుతో ఏ ఇబ్బందీ లేదు. గొడవంతా క్యాప్సూల్స్‌తో. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ వేసుకుంటే రక్తంలో టామోక్సిఫెన్ మోతాదు తగ్గుతుందని నెదర్లాండ్స్‌లో పరీక్షించి చూశారు. మంచి చేస్తుందని వేసుకున్నది అసలు మందునే తినేస్తుందన్నమాట. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు కోవిడ్ రోజుల్లో మన దేశంలోనే డాక్టర్లు నమోదు చేశారు. కీమో మందుల్లో చాలావాటిని బయటికి పంపాల్సింది ఆ లివరే. లక్ష్మణ ఫలం గురించి వాట్సాప్‌లో తిరిగేదంతా గాజు పాత్రల్లో కణాల మీద చేసిన ప్రయోగాల మాట, మనుషుల్లో జబ్బు తగ్గిందన్న రుజువు లేదు. అతిగా తింటే నరాలకు చెడు చేస్తుందన్న అనుమానం ఉంది. అసలే ట్యాక్సాల్ అనే కీమో మందుతో వేళ్ళు తిమ్మిరెక్కి చొక్కా గుండీ పెట్టుకోలేని వాళ్ళం. గోధుమగడ్డి రసం పచ్చిది కాబట్టి కౌంట్ తక్కువున్నప్పుడు వద్దు.

ఒక విచిత్రమైన సంగతి. ఎక్కువగా నాలుగో స్టేజీలో ఇచ్చే పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ మాత్రలకు గ్రేప్‌ఫ్రూట్ పడదు, రక్తంలో మందు పెరిగిపోతుంది. ఆ పండు మన దగ్గర అరుదు గానీ దాని తల్లి మన పంపరపనస. వినాయక చవితికి పాలవెల్లికి కట్టండి, తినకండి.

ఏది వాడినా దాచకుండా డాక్టరుకు చెప్పండి. తిడతారని దాచేస్తారు, నేనూ దాచాను. తిట్లు ఐదు నిమిషాలు.

మీల్‌మేకర్ తింటే హార్మోన్ పెరుగుతుందా? పాలు?

మీల్‌మేకర్ సోయాతోనే చేస్తారు. తిండిలో భాగంగా సోయా తింటే ప్రమాదం కనపడలేదు. సోయా సారం మాత్రలు మాత్రం వద్దు. పాలు మానాల్సిన పని లేదు. మద్యం, కల్లు, బీరు మానాలి, ఆల్కహాల్‌కూ ఈ జబ్బుకూ సంబంధం రుజువైంది.

కీమో వద్దనుకుని నాటు వైద్యమో, ఆకు పసరో, హోమియోనో మాత్రమే వాడితే?

2018లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. నయమయ్యే దశలో ఉండి కూడా అసలు వైద్యం వదిలేసి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే పట్టుకున్న రొమ్ము క్యాన్సర్ రోగులకు చావు ముప్పు ఐదు రెట్లకు పైగా ఉందని తేలింది. దీని మీద నేను ఇంతకంటే మెత్తగా చెప్పలేను. యోగా, ధ్యానం, ప్రార్థన, నడక వైద్యంతో పాటు చేసుకోండి, వాటితో ఒంటికి, మనసుకు బలం.

కార్తీక సోమవారాలు, రంజాన్ రోజాలు ఉండొచ్చా?

కీమో నడిచేటప్పుడు వద్దు. మా కింది వాటాలో ఉండే ఆపా తనే చెప్పింది, జబ్బు మనిషికి రోజా నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉందని. ఇఫ్తార్‌కు తను ఇంట్లో చేసిన వేడి హలీమ్ నాకు ఒక గిన్నె పంపేది. గోధుమ, పప్పు, మాంసం అన్నీ అందులోనే, కారం తగ్గించి. నా సోమవారాలను మా అత్తగారు నా తరఫున ఉన్నారు.

హార్మోన్ మాత్ర ఐదేళ్ళు వేసుకోవాలా? ఒళ్ళంతా ఆవిర్లు, కీళ్ళ నొప్పులు.

ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు. నెలసరి ఆగనివాళ్ళకు మామూలుగా టామోక్సిఫెన్, ఆగినవాళ్ళకు ఎక్కువగా లెట్రోజోల్ లేదా అనాస్ట్రజోల్. ఇది రూపాయల్లో దొరికే మాత్ర, లక్షల కీమో చేసినంత మేలు చేస్తుంది. గడ్డ పోయింది కదా అని మధ్యలో మానేసేవాళ్ళు చాలామంది. నాకు ఏప్రిల్ నెలలో, పవర్ కట్‌లో వచ్చే ఆవిర్లు నరకం. అయినా మానలేదు. భరించలేకపోతే మందు మార్చమని అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. డిప్రెషన్‌కు వాడే ఫ్లూక్సెటిన్, పరాక్సెటిన్ టామోక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి, ఆ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. నెలసరి ఆగాక మళ్ళీ రక్తం కనపడినా, ఒక కాలు వాచి నొప్పి పుట్టినా వెంటనే చూపించాలి. లెట్రోజోల్ ఎముకలను గుల్ల చేస్తుంది కాబట్టి ఎముకల స్కాన్, కాల్షియం, విటమిన్ డి చూసుకోవాలి. రాగులు, పాలు, నువ్వులు, చిన్న చేపలు మంచివి.

కీమోలో చిక్కిపోతారంటారు, నేను లావయ్యానేంటి?

రొమ్ము క్యాన్సర్‌లో ఇది మామూలే. స్టిరాయిడ్లు, నెలసరి ఆగడం, ఇంట్లో కూర్చోబెట్టి తినిపించడం. నేను ఏడు కిలోలు పెరిగాను. రోజూ అరగంట నడక మొదలుపెట్టాక నీరసమూ తగ్గింది, ఇది మాత్రం నేను ఊహించలేదు.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

ముందు ఆరోగ్యశ్రీ అడగండి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకంలో కుటుంబానికి పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. కీమో, ఆపరేషన్, కరెంటు దాని కింద వస్తాయి. మీ మందు అందులో ఉందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్‌కే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి, పంజాగుట్ట నిమ్స్‌లోనూ క్యాన్సర్ విభాగం ఉంది. రద్దీ ఉంటుంది, పొద్దున్నే టిఫిన్ కట్టుకుని వెళ్ళండి. ట్రాస్టుజుమాబ్ ఒకప్పుడు అందని పండు, 2014లో మన దేశంలోనే తయారైన బయోసిమిలర్ (అదే పని చేసే, దాదాపు అలాంటి మందు) వచ్చాక ధర దిగింది.

ఇంకో డాక్టర్ని అడిగితే మొదటి డాక్టరుకు కోపం వస్తుందని భయపడకండి. ల్యాబు నుంచి మీ ముక్క పరీక్ష బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోండి. వారం పది రోజులు ఆగి సరైన నిర్ణయం తీసుకుంటే నష్టం లేదు, నెలలు ఆగితేనే నష్టం.

నాలుగో స్టేజీ అన్నారు. ఇంక ఏం తింటే ఏం లాభం?

పూర్తిగా పోదు, నిజమే. కానీ బీపీ, షుగర్ లాగా మందులతో ఏళ్ళు నడుపుతున్నవాళ్ళు ఉన్నారు. పాల్బోసిక్లిబ్ పేటెంట్ 2023 జనవరిలో ముగిశాక జనరిక్‌లు వచ్చి చాలా ఇళ్ళకు అందుబాటులోకి వచ్చింది. నొప్పి ఉంటే ఓర్చుకోవద్దు. ఎం.ఎన్.జె.లో పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగం ఉంది, మార్ఫిన్ మాత్రలు అక్కడ ఇస్తారు. ఆ విభాగానికి పంపారంటే చేతులెత్తేశారని కాదు, వైద్యం నడుస్తుండగానే నొప్పికి అక్కడ చూపించుకోవచ్చు. ఇక తిండి దగ్గర ఈ దశలో నేను ఏ నియమమూ చెప్పను. అమ్మకు మిర్చిబజ్జీ తినాలనిపిస్తే వేడిగా ఇంట్లో వేసి పెట్టండి.

చూడటానికి వస్తున్నాం, ఏం తెమ్మంటావు?

ముందు ఫోన్ చేయండి. జలుబు, దగ్గు ఉంటే అసలు రావొద్దు. హార్లిక్స్ సీసాలు మా ఇంట్లో పదకొండు పోగయ్యాయి, బ్రెడ్డు పావురాలకు వేశాం. మా ఆయనకు, పిల్లాడికి రాత్రి భోజనం ఒక క్యారేజీలో తెచ్చిన మా స్కూలు సైన్స్ టీచరమ్మను మాత్రం మర్చిపోలేను. పప్పు, బెండకాయ వేపుడు, గట్టి పెరుగు. నాకోసం విడిగా చిన్న గిన్నెలో ఉప్పు తక్కువ వేసిన పులగం.